పానగల్లు కొండ – కథ చెప్పు ఇల్లు

సోదరీమణులారా! మన యాత్రలన్నియు నదులకును గుళ్ళకును. కార్తికమున కృష్ణాస్నానము, శివరాత్రికి శ్రీశైలము, తీరిక దొరకినపుడు అలంపురములో జోగులాంబ దర్శనము. ఏ యింటి పెద్దమ్మ నడిగినను ఈ పేర్లే చెప్పును. యుద్ధము జరిగిన నేలను చూచి వత్తమని సద్దిమూట కట్టుకొని బయలుదేరిన ఆడుదానిని ఎన్నడైన వింటిమా? విన్నాము. ఆమె పేరు గాంధారి. భారతమున స్త్రీపర్వము చదువుకొన్నవారికి జ్ఞాపకముండును. పదునెనిమిది దినముల పోరు ముగిసిన పిమ్మట, వ్యాసుని వరమున కలిగిన దివ్యదృష్టితో రణరంగమంతయు చూచి, ఇచట పడియున్నవాడు నా కొడుకు, అచట ఏడ్చుచున్నది వాని యిల్లాలు, ఆ బాలుడు సుభద్ర కన్నబిడ్డ యని ఒక్కొక్కరిని శ్రీకృష్ణునకు చూపి చెప్పినది ఆమెయే. యుద్ధభూమిని చూపుచు దాని కథ చెప్పుట మన వాఙ్మయమున స్త్రీ నోటనే జరిగినది. కావున దసరా సెలవులలో మేము పానగల్లు కొండకు పోయి వచ్చితిమన్న ఎవరును ముక్కుమీద వ్రేలు వేసికొననక్కరలేదు.

పాత కోటలను, పోరుభూములను చూడ వచ్చువారికై ప్రభుత్వమును, సొమ్ముగల సంస్థలును కలిసి విడుదులు, ప్రదర్శనశాలలు కట్టవలెనను మాట ఇప్పుడు దేశమంతట వినబడుచున్నది. తెలంగాణ ప్రభుత్వము 2025లో ఆమోదించిన పర్యాటక విధానమున కూడ ప్రైవేటు పెట్టుబడికి పెద్ద పీటయే వేసినారు. ఆ మాటకు అర్థమేమో, మన ప్రాంతమున దానివలన ఎవరికి లాభమో ఎవరికి నష్టమో, కాగితమునందు గాక కొండ క్రింద నిలువబడి చూడవలెనని మా కోరిక.

మేము కాపురముండునది గద్వాల. మావారు బడిపంతులు. ఈ నేలను నడిగడ్డ యందురు. ఉత్తరమున కృష్ణ, దక్షిణమున తుంగభద్ర, నడుమ మనము. చరిత్రకారులు రాయచూరు అంతర్వేది యని వ్రాయునది ఇదియే. గద్వాల దాని తూర్పు కొసన నున్నది. విజయనగర రాయలును, బహమనీ సుల్తానులును, వారి పిదప బీజాపురపు ఆదిల్‌శాహీలును రెండు వందల యేండ్లు ఈ రెండు నదుల నడిమి నేలకై పోరాడిరి. నల్లరేగడి పంటయు, రాయచూరు ముద్గల్లు కోటలును ఎవరి చేతిలో నున్న వారిది పైచేయి. 1520వ సంవత్సరము మే 19వ తేదిన శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌శాహుని ఓడించి రాయచూరు గైకొన్న యుద్ధము మన యింటికి పడమట కొలదిదూరముననే జరిగినది. ఆ యుద్ధమున తుపాకులు పట్టి రాయలకు సాయపడిన పోర్చుగీసువారి సంగతి న్యూనిజ్ అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసి యుంచెను గనుక లోకమునకు తెలిసినది. వ్రాయువాడున్న యుద్ధము బ్రదికినది. వ్రాయువాడు లేని యుద్ధము మట్టిలో కలిసినది.

గద్వాల కోట సోమభూపాలుడు కట్టించినదని ప్రసిద్ధి. ఆయననే జనులు సోమనాద్రి యని పాటలు కట్టి పాడుకొందురు. లోపల చెన్నకేశవస్వామి కోవెల కలదు. మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర ప్రభుత్వ కళాశాలయు కోటలోనే యున్నది. పండితులను పోషించిన సంస్థానము గనుక విద్వద్గద్వాల యను పేరు వచ్చినది. ఉదయమున పుస్తకములు చంకబెట్టుకొని ఆడపిల్లలు కోటద్వారము దాటి పోవుచుండగా చూచిన మాకు ఒక్క సంగతి తోచినది. రాజు పోయినను కోట బ్రదికియుండుటకు కారణము అందు దినదినము కాళ్ళు తిరుగుటయే. దేవునికి దీపము, పిల్లలకు చదువు అను రెండు పనులు దానికి మిగిలినవి. పని లేని కట్టడము, వంట లేని వంటయిల్లువలె, త్వరలోనే పాడువడును.

గద్వాల నుండి బీచుపల్లికి పోయి, ఆంజనేయస్వామికి మ్రొక్కి, వంతెనమీద కృష్ణను దాటితిమి. వానకాలపు నీరింకను తగ్గలేదు. నది దాటినంతనే వనపర్తి సీమ. పెబ్బేరు మీదుగా వనపర్తి చేరి అచట సంస్థానాధీశుల రాజప్రాసాదమును చూచితిమి. అందు 1959 నుండి పాలిటెక్నిక్ కళాశాల నడచుచున్నది. ఒకనాడు రాణులు నడచిన మేడలలో ఇప్పుడు పిల్లలు యంత్రముల పటములు గీయుచున్నారు. గద్వాలలో తోచిన మాటయే ఇచటను మాకు రూఢియైనది.

వనపర్తికి ఆగ్నేయదిశగా పానగల్లు. నల్లగొండయొద్ద మరియొక పానగల్లు కలదు. అది ఛాయాసోమేశ్వరుని యూరు, ఇది వేరు. దూరము నుండియే కొండ కనబడును. ఇంపీరియల్ గెజెటీరు చెప్పినదానిబట్టి కోట సముద్రమట్టమునకు 1800 అడుగుల యెత్తున నున్నది. ఉత్తర దక్షిణములుగా మైలున్నర పొడవు, మైలు వెడల్పు, ఏడు ప్రాకారములు, నడుమ బాలాహిసారు. క్రింద పల్లిచేలు, పైన బండలు, బండల నడుమ సీతాఫలపు పొదలు. ఎండ తీవ్రముగా నుండెను. మేము చీరకొంగు నడుముకు బిగించి, నీళ్ళచెంబు పట్టుకొని, దారి చూపవచ్చిన ఊరి పిల్లవాని వెనుక సగము కొండ ఎక్కితిమి. మావారు నలుబది దాటిన మోకాళ్ళను నిందించుచు మా వెనుక వచ్చిరి.

ఈ కొండ కథ సంగ్రహముగా చెప్పెదము. 1417 ప్రాంతమున బహమనీ సుల్తాను ఫిరోజ్‌శాహు పానగల్లును ముట్టడించెను. కోట లొంగలేదు. ముట్టడి రెండేండ్లు సాగినది. అంతలో సుల్తాను దండులో రోగము ప్రబలి మనుష్యులును గుఱ్ఱములును కుప్పలుగా చచ్చిరి. అదను చూచి విజయనగరము నుండి మొదటి దేవరాయలు సేనలతో వచ్చి పడెను. సుల్తానుకు కుడిభుజమైన మీర్ ఫజులుల్లా ఇంజూ ఆ పోరులో హతుడయ్యెను. సుల్తాను ఓడి పరుగెత్తెను. ఆ పరాభవమునుండి ఆయన కోలుకొనలేదు. 1422లో తమ్ముడు అహమ్మదుకు సింహాసనము విడిచెను. దేవరాయలును ఆ యేడే గతించెను. ఈ వృత్తాంతమును విపులముగా చెప్పిన ఫెరిస్తా అను పారసీ చరిత్రకారుడు సుమారు రెండు వందల యేండ్ల తరువాత బీజాపురపు ఆస్థానమున కూర్చుండి వ్రాసెను. ముట్టడి జరిగినది ఈ పానగల్లు కాదు, నల్లగొండ పానగల్లు అనువారును చరిత్రకారులలో కలరు. గెజెటీరు మాత్రము ఈ కొండనే చెప్పుచున్నది. 1513లో గోలకొండ సుల్తాన్ కులీ కుతుబ్‌శాహు విజయనగరపు దొరను ఇచటనే ఓడించెనని కూడ అందే యున్నది. అనగా ఒక్క కొండ ఒక తరమున ఒకరికి విజయము, మరియొక తరమున వారికే అపజయము.

పానగల్లుకు మరియొక ఘనతయు కలదు. టిప్పు సుల్తానుపై యుద్ధమునకు నిజాము అలీఖాను ఇంగ్లీషు కంపెనీవారితో చేసికొన్న ఒడంబడిక 1790 జులై 4వ తేదిన ఈ పానగల్లుననే వ్రాయబడెను. దాని ఫలముగా 1792లో టిప్పు తన రాజ్యమున సగము వదలుకొనవలసి వచ్చెను. శ్రీరంగపట్టణపు తలరాత మన పల్లిచేల నడుమ వ్రాయబడినదన్నమాట. ఇంత కథ గల చోట, మేము పోయిననాడు, దానిని వచ్చినవారికి చెప్పు ఇల్లేదియు మాకు కనబడలేదు.

కొండ దిగి వచ్చి, సీతాఫలముల గంప ముందు పెట్టుకొని కూర్చున్న యొక ముసలమ్మ యొద్ద పండ్లు కొనుచు మాటలాడితిమి. ఆమె మమ్ము వింతగా చూచినది.

“ఏం జూసొచ్చిండ్రమ్మా? బండలే గద. పైకి వోయేటోళ్ళు గుప్తనిధి కోసమే వోతరని మేమనుకుంటం.”

యుద్ధము సంగతి యడిగితిమి.

“మా తాత జెప్పేటోడు బిడ్డా, రాజులు కొట్లాడిండ్రని. ఎవ్వరు గెల్చిండ్రో నాకెర్క లేదు. ఎవ్వరు గెల్చినా మా గడ్డి మాకే, మా గొర్లు మాకే.”

ఇచట ప్రభుత్వమో పెద్ద కంపెనీయో ఒక మంచి మందిరము కట్టి, యాత్రికులను రప్పించి, కథ చెప్పించిన ఎట్లుండునని యడుగగా ఆమె కొంతసేపు ఆలోచించి ఇట్లన్నది: “కట్టనీ. మంది వస్తే పండ్లు అమ్ముడు వోతయి. కని గోడ గట్టి గేటు వెడితే నా గంప ఏడ వెట్టుకోవాలె?”

సోదరీమణులారా, ఆ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని ఇట్టి ఒడంబడికలన్నిటి మంచి చెడ్డలును దానిలోనే యున్నవని మా నమ్మకము.

ఈ పద్ధతి ఎట్లు నడచునో మన యింటి భాషలో చెప్పుకొందము. భూమియు కోటయు ప్రభుత్వమువి. సొమ్మును, కట్టించు నేర్పును సంస్థవి. ఇన్ని యేండ్లని గడువు పెట్టుకొని సంస్థ కట్టడము లేపును. టికెట్టు, దుకాణము, ఫలహారశాలల వలన వచ్చు రాబడిలో తన పెట్టుబడి రాబట్టుకొని, ప్రభుత్వమునకు కొంత భాగమిచ్చును. గడువు తీరిన పిదప కట్టడము ప్రభుత్వపరమగును. రాబడి చాలని చోట లోటులో కొంత ప్రభుత్వమే భరించు ఏర్పాటును కలదు. మరియొక విధమున లాభాపేక్ష లేకుండ దానముగా చేయుట. 2013 కంపెనీల చట్టము 135వ విభాగము ప్రకారము పెద్ద సంస్థలు తమ లాభములో నూటికి 2 వంతులు లోకోపకారమునకు వినియోగింపవలెను. దేశపు పురాతన సంపదను కాపాడుటయు అట్టి కార్యములలో నొకటి. కావున సొమ్ము లేదనుట సరికాదు. సొమ్ము ఏ షరతుల మీద వచ్చుననుటయే ప్రశ్న.

మన గద్వాల చీరనే చూడుడు. దేహము నూలు, అంచు పట్టు. రెండును వేర్వేరు నూగులు. వేర్వేరుగా సాగును, వేర్వేరుగా ముడుగును. నేతగాడు పోగు పోగుకు ముడివేసి అంచును దేహమునకు కలుపును. చీర చినిగిన నూలు దగ్గర చినుగదు, పట్టు దగ్గర చినుగదు; కలిపిన చోటనే విడిపోవును. ప్రభుత్వమును, ప్రైవేటు సంస్థయు కలిసిన పనులును అంతే. ఒడంబడిక యను ఆ కుట్టు ఎంత బిగువో చీర అంత మన్నిక.

మనకు సమీపమున జరిగిన పనులు రెండు చెప్పెదము. 2017లో కేంద్ర ప్రభుత్వము పురాతన కట్టడములను సంస్థలు దత్తు తీసికొను పథకము నొకటి పెట్టినది. దాని ప్రకారము 2018 ఏప్రిలులో దాల్మియా భారత్ సంస్థ ఢిల్లీ ఎఱ్ఱకోటను, మన కడప సీమలో పెన్నానది లోయ యంచున నున్న గండికోటను దత్తు తీసికొనుటకు ఒప్పుకొనెను. వెంటనే దేశమంతట కోటను అమ్మివేసినారా యను కలకలము రేగినది. కోట గోడ మీద సంస్థకు అధికారము లేదనియు, త్రాగునీరు, మరుగుదొడ్లు, దారులు, దారిచూపు పలకలు మొదలగు వసతులే దాని పని యనియు, అందువలన లాభము తీయరాదనియు ప్రభుత్వము చెప్పవలసి వచ్చినది. ముందుగనే జనులకు చదివి వినిపించిన ఒడంబడికకు అంత కలకలము పుట్టియుండునా?

రెండవది హైదరాబాదులో గోలకొండ ప్రక్కనున్న కుతుబ్‌శాహీ సమాధులు. 2013లో రాష్ట్ర పురావస్తుశాఖయు ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థయు ఒప్పందము చేసికొని, టాటా ట్రస్టులు మొదలగువారి ధనసాయముతో, పది సంవత్సరములకు పైగా పాటుపడి సమాధులను, మసీదులను, స్నానశాలను, మెట్లబావులను బాగుచేసిరి. కూలిపోయిన పెద్దబావి మరల నీళ్ళతో నిండినది. గోలకొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కోవారి బహుమానము వచ్చినది. తొందరపడక, సున్నము తెలిసిన మేస్త్రీలచేత పాత పద్ధతిని చేయించుటయే ఆ పనికి కీర్తి తెచ్చినది. మొదట కథను, రాతిని బాగుచేసి, తరువాత వచ్చువారికి వసతి చూచిరి. క్రమము అట్లే యుండవలెను.

ఇక పోరుభూమికే ఇట్టి మందిరము కట్టినచోటు దూరదేశమున నొకటి కలదు. అమెరికాలో గెటిస్‌బర్గు అను చిన్న ఊరు. 1863 జులై 1, 2, 3 తేదులలో బానిసత్వము పేర చీలిపోయిన ఆ దేశపు రెండు పక్షములు అచట పోరాడగా, చచ్చినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు, కనబడకపోయినవారు కలిసి సుమారు 51,000. అచటి జాతీయోద్యాన శాఖయు, ఆ పనికొరకే ఏర్పడిన యొక ధర్మసంస్థయు జత కట్టి 10 కోట్ల 30 లక్షల డాలర్ల వ్యయముతో ప్రదర్శనశాలయు యాత్రికుల మందిరమును కట్టి 2008 ఏప్రిలు 14వ తేదిన తెరచిరి. సొమ్ము కూర్చిన భారము ధర్మసంస్థది. నేలయు, చరిత్ర చెప్పు బాధ్యతయు ప్రభుత్వ శాఖవి. అంతకు మునుపున్న పాత మందిరము పోరు జరిగిన చోటనే నిలిచి, చూడవచ్చినవారికి చూడవలసినదానినే మరుగుచేయుచుండెను. క్రొత్తదానిని పోరు వరుసలకు దూరముగా కట్టి, పాతదానిని 2009లో పడగొట్టి నేలను పూర్వరూపమునకు తెచ్చిరి.

అచటను చిక్కులు లేకపోలేదు. ఖర్చు మొదటి అంచనాను మించి పెరిగినది. ప్రదర్శనశాలను ఉచితముగా చూడవచ్చునని మొదట చెప్పినవారు, రాబడి చాలక, ఆ సంవత్సరము ముగియక మునుపే మనిషికి ఏడున్నర డాలర్ల టికెట్టు పెట్టిరి. లెక్కలు ఆశమీద వేసిన ఎక్కడనైనను ఇట్లే యగును. పదిమందికి పెట్టు పప్పు ఇరువదిమందికి వచ్చునని గొప్పకుపోయిన ఇల్లాలికి చివరి పంక్తిలో ఎదురగునది నీళ్ళచారే.

అయినను ఆ ఊరి కథలో మేము మెచ్చినది మరియొకటి కలదు. జెన్నీ వేడ్ అను ఇరువది యేండ్ల పిల్ల, మూడవనాటి ఉదయమున అక్క యింటిలో సైనికులకు రొట్టెలకై పిండి పిసుకుచుండగా తూటా తలుపులు దూసికొని వచ్చి తగిలి ప్రాణము విడిచెను. ఆ ఊరిలో పోరుతూటాకు నేరుగా బలియైన గృహస్థురాలు ఆమె యొక్కతెయే. ఎలిజబెత్ థోర్ను అను నామె శ్మశానము కాచువాని భార్య. భర్త దండులో నుండగా, ఆరునెలల గర్భముతో, వేసవి యెండలో, నూరుగురికి గోతులు త్రవ్వి పూడ్చెను. ఆమె విగ్రహమును 2002లో ఆ శ్మశానవాటికలోనే నిలిపిరి. సేనానుల గుఱ్ఱపు విగ్రహములున్న చోట, పారమీద వ్రాలియున్న యొక గర్భిణి విగ్రహము! వ్యాసుడు గాంధారిచేత చెప్పించినదియు ఇట్టి కథయే గదా. యుద్ధము రాజులు చేయుదురు, లెక్క ఆడువారు తీర్చుదురు.

ఈ సంగతులన్నియు తిరుగుదారిలో మేమును మావారును వాదించుకొంటిమి. కోట ప్రజలది గనుక ప్రభుత్వమే సర్వమును చేయవలెను, వర్తకుని చేతిలో పడిన చరిత్ర అంగడి సరుకగును అని మావారి పక్షము. వారి మాటలో సత్యమున్నది. కాని ప్రభుత్వమే చేయవలెనని కూర్చుండగా గోడలు కూలుచున్నవి. గుప్తనిధులకై రాత్రులందు త్రవ్వు దుండగుల గోతులు మన సీమలో ఏ పాత కోటకు పోయినను కనబడుచున్నవి. పరుల సొమ్ము ముట్టనన్న పంతమున ఇల్లు కూలిపోనిచ్చు గృహస్థు వివేకి కాడు. సొమ్ము తీసికొని ఇంటి తాళము కూడ ఇచ్చివేయువాడును వివేకి కాడు. తాళము మన కొంగున నుంచుకొని, సొమ్మును పనికి వినియోగింపవలెను. పానగల్లుకు ఇట్టి మందిరము వచ్చిన మంచిదే యని మా పక్షము. అయితే కొన్ని మాటలు ఒడంబడికలో ముందే వ్రాయబడి, ఊరిలో చదివి వినిపింపబడవలెను.

మొదటిది, ఇల్లు కొండ మీద వద్దు. క్రింద, దారి ప్రక్కన, కొండ కనబడు చోట చాలును. చూడవచ్చినది కొండను గాని కట్టిన మేడను గాదు.

రెండవది, కథ సంస్థ చేతికి పోరాదు. సొమ్మిచ్చినవారికి గెలుపు కథ కావలెను, గోడమీద పెద్ద బొమ్మ కావలెను. కాని పానగల్లు కథ ఒకరి గెలుపు కాదు. దేవరాయల విజయము చెప్పిన గోడమీదనే కుతుబ్‌శాహు విజయమును చెప్పవలెను. ముట్టడి ఏ పానగల్లున జరిగినదను చరిత్రకారుల వాదమును దాచక చెప్పవలెను. రోగమునకు చచ్చిన పేరులేని సిపాయిలను, వారి గుఱ్ఱములకు గడ్డి కోసినవారిని చెప్పవలెను. మన సీమవారే, ఇటిక్యాలపాటి సురవరం ప్రతాపరెడ్డిగారు, రాజుల పట్టికలు ప్రక్కన పెట్టి, జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఎట్లు ఆడుకొనిరి యని వెదకి ఆంధ్రుల సాంఘిక చరిత్ర వ్రాసిరి. ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఆ దారి మన యింట పుట్టినదే. దానిని విడిచి వేరొకరి మూస తెచ్చుకొననేల?

మూడవది, టికెట్టు. దూరమునుండి కారులలో వచ్చువారు ఇత్తురుగాక. చుట్టుప్రక్కల ఊళ్ళవారికి, బడిపిల్లలకు ద్వారము ఉచితముగా నుండవలెను. గొఱ్ఱెలు పోవు దారియు, పండుగలకు కొండనెక్కు దారియు మూయరాదు. టికెట్టు పెంచవలసి వచ్చిన సంస్థ ఒక్కతెగా పెంచరాదు. గ్రామపంచాయతితో చెప్పి పెంచవలెను.

నాలుగవది, పని. ఫలహారశాలలో వంట, ప్రాంగణపు ఊడ్పు, మొక్కల పెంపకము మన ఆడువారికి వచ్చునని అందరును చెప్పుదురు. అంతటితో తృప్తిపడవద్దు. కథ చెప్పు ఉద్యోగమును వారికే ఇయ్యవలెను. గద్వాల కోటలో చదివిన పిల్ల, వనపర్తి ప్రాసాదమున చదివిన పిల్ల, ఈ కొండ కథను వచ్చినవారికి తన నుడిలో చెప్పలేదా? ఊరి సంఘముల స్త్రీలకు దుకాణములలో వంతు వ్రాసి యుండవలెను. ద్వారము ముందు నీడలో ఆ ముసలమ్మ గంపకు చోటుండవలెను. ఇది దయ కాదు. ఆ కొండను ఇన్నాళ్ళు విడువక కనిపెట్టుకొని యున్నవారికి చెల్లవలసిన బాకీ.

ఐదవది, లెక్క. ఏటేట వచ్చినదెంత, పోయినదెంత, గోడలకు ఖర్చు పెట్టినదెంత యని తెలుగున వ్రాసి ద్వారమునకు అంటింపవలెను. గడువు తీరిననాడు ఏ స్థితిలో అప్పగింపవలెనో మొదటనే నిర్ణయింపవలెను. అత్తవారింటికి పోవు పిల్లతో పంపిన సామానుకైనను మనము పట్టిక వ్రాసికొందుము. ఆరు వందల యేండ్ల కొండకు వ్రాసికొనవలదా?

ఇవన్నియు అసాధ్యములు కావని చెప్పుటకు మా యాత్రలో మిగిలిన భాగమే సాక్ష్యము. పానగల్లు నుండి కొల్లాపురము మీదుగా సోమశిలకు పోతిమి. శ్రీశైలము ఆనకట్ట నీటిలో మునుగవలసిన గుళ్ళను రాయి రాయిగా విప్పి, గుర్తులు వేసి, ఒడ్డున మరల కట్టిన చోటది. ఒక తరమువారు శ్రద్ధ పెట్టినందున సోమేశ్వరుడు నేటికిని కృష్ణను చూచుచున్నాడు. సోమశిల, సింగోటము, ఉమామహేశ్వరము, మల్లెలతీర్థము మొదలగు నాగర్‌కర్నూలు సీమ స్థలములను కలిపి యాత్రికుల మార్గముగా తీర్చుటకు కేంద్ర ప్రభుత్వము 2015-16లో 91 కోట్ల 62 లక్షల రూపాయలు మంజూరు చేసెను. 2024లో సోమశిలకే మరల 68 కోట్ల 10 లక్షలు మంజూరైనది. నీటికిని అడవికిని వచ్చిన ఆ కానుకను చూచి మేము సంతోషించితిమి. నాగర్‌కర్నూలు బస్సునిలయమున కూర్చుండి మావారు కాగితము మీద లెక్క వేసి, ఆ సొమ్ములో నూటికి రెండు వంతులు పానగల్లుకు వచ్చిన మూడు కోట్లు దాటునని చెప్పిరి. మూడు కోట్లకు మేడ రాదు. కాని నీడ, నీళ్ళు, మరుగుదొడ్లు, మంచి దారి, నాలుగు గదుల కథాశాల రాకపోవునా? అంతవరకు ప్రభుత్వమే మొదలుపెట్టిన, తరువాత వచ్చు సంస్థ ప్రభుత్వపు షరతులకు లోబడి వచ్చును. ఏమియు లేని చోటికి వచ్చు సంస్థ తన షరతులనే తెచ్చును. ఈ యొక్క మాటలో మావారికిని మాకును సమ్మతి కుదిరినది.

ఇందు మనము చేయగలదేమి యందురా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును 2016 అక్టోబరు 11వ తేదిన జిల్లాలైనవి. కలెక్టరు కచేరి ఇప్పుడు దూరము గాదు. గ్రామసభలో స్త్రీలు కూర్చుండుట మాత్రమే గాక నోరు విప్పుటయు చట్టము ఒప్పినదే. పానగల్లున గాని, మీ యూరి కోటయందు గాని ఇట్టి ఒడంబడిక మాట వచ్చిననాడు, కాగితమును తెలుగున చదివి వినిపింపుమని యడుగుడు. దారి యెవరిది, కథ యెవరిది, లెక్క యెవరికి చూపుదురు అని మూడు ప్రశ్నలు వేయుడు. అంతకు ముందే మన యిండ్లలో చేయదగిన పనియు నొకటి కలదు. మీ అవ్వలు ఆ కొండలను గూర్చి చెప్పుకొను మాటలను పిల్లలచేత ఒక పుస్తకమున వ్రాయించి యుంచుడు. రేపు మందిరము కట్టువారు గోడలు, దీపములు, బొమ్మలు తేగలరు. ఆ మాటలు మాత్రము మన యింటినుండియే పోవలెను. సోమశిలకు పోవు సోదరీమణులు దారిలో ఒక పూట పానగల్లున ఆగుడు. సీతాఫలముల కాలమైన ఇంకను మంచిది.